పెద్ద తెర మీద క్లెమ్

పోర్ట్ పెన్రిన్, దక్షిణ ఆస్ట్రేలియా
ఏప్రిల్ 16, 2007

కోరల్‌కి,

ఇక్కడ క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదు. క్షేమంగా లేను. శనివారం నుంచి టోస్టు ముక్క గొంతు దిగడం లేదు. స్టవ్ ఆపానో లేదోనని లేచి చూడటం, మళ్ళీ కూచోవడం. అక్షరాలు వంకరపోతే నువ్వే సర్దుకుని చదువుకో. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, పైగా ఒళ్ళంతా మంటగా ఉంది.

మన బౌలింగ్ క్లబ్బులో కొత్త టీవీ కొన్నారు. గోడకి తగిలించే బల్లపరుపు టీవీ, దాన్ని చూస్తే మా పడకమంచం నిలబెట్టినట్టుంది. సెక్రటరీ డెస్లీ రోచ్ మా ఇంటికొచ్చి, "మెర్ల్ గారూ, మీ క్లెమ్ గెలిచిన జోడీల ఫైనల్ మీ దగ్గర ఉందట కదా, టీవీ మొదలుపెట్టే రోజున అదే వేద్దాం" అంది. నేను ఉబ్బిపోయాను. మా అబ్బాయి డారెల్ కొనిచ్చిన, టీవీలో వచ్చినవి దాచిపెట్టే రికార్డర్ పెట్టెని తువ్వాలులో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. స్పాంజి కేకు కూడా చేశాను, నా ఖర్మ.

వేశారు. కోరల్, మీ అన్నయ్యకి ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట గులాబీరంగు గళ్ళు, స్నానాలగది గోడ పలకల్లాగా. బంతులు దొర్లించే పచ్చిక బురదనీళ్ళలా కదులుతోంది. ఆడేవాళ్ళు నలుగురూ తెల్లబట్టల్లో నాలుగు పిండిముద్దలు. బార్ దగ్గర ఎవడో "క్లెమ్ తేనెపట్టులోంచి ఆడుతున్నాడ్రోయ్!" అన్నాడు, అందరూ నవ్వారు. మా ఇంట్లో చిన్న టీవీలో అద్దంలా కనపడే బొమ్మ అది! ఆయనా నేనూ ఎన్నిసార్లు చూశాం!

నవ్వితే నవ్వారు. తరవాతది విను. ఆయన చివరి బంతి వచ్చింది. అది గురిగా పెట్టే చిన్న తెల్లబంతి జాక్ పక్కనుంచి వెళ్ళి, పచ్చిక అంచున గుంటలో పడింది. డెస్లీ లేచి తెర దగ్గరకెళ్ళి, "ఆగండి, వెనక్కి తిప్పండి. ఆ తెల్ల జాక్ కదిలిందా? కదల్లేదు! బంతి తగల్లేదు!" అంది. మళ్ళీ వేశారు. మళ్ళీ. ఒక తెల్లముద్ద గుంట దగ్గరకి వచ్చి వంగి బంతి మీద సుద్దగీత గీసింది. "చూశారా, తనే వచ్చి తనే గీసుకున్నాడు!" అంది డెస్లీ. జాక్‌ని తాకిన బంతి గుంటలో పడ్డా బతికున్నట్టే, తాకకపోతే చచ్చినట్టే. ఆ గీత లేకపోతే ఆ రోజు గెలుపు డెస్లీ మొగుడు లాన్స్‌దీ, వెర్న్ పాస్కోదీ. డెస్లీకి ఆ మంట రెండేళ్ళుగా ఉంది.

లాన్స్ నేల చూపులు చూశాడు. వెర్న్ గ్లాసు బల్ల మీద పెట్టి బయటకి పోయాడు. ఆయనకి నలభై ఏళ్ళ స్నేహితుడు! మన ఆర్చీని అడుగుదామంటే, క్లెమ్‌తో జోడీ ఆడిన మనిషే అయినా ఇప్పుడు వృద్ధాశ్రమంలో సొంత కూతుర్నే గుర్తుపట్టడం లేదు.

చచ్చిపోయిన మనిషిని దొంగ అన్నారు. గోడ మీద విజేతల బోర్డులో బంగారు అక్షరాలతో ఉన్న పేరు చెరిపించాలట.

నేను ఆ రోజు చూడలేదు. ఆయన ఆడుతుంటే నేను చూడలేనని నీకు తెలుసు, క్లబ్బు వంటింట్లో పచ్చికకి వీపు పెట్టుకుని స్కోన్ రొట్టెలకి వెన్న రాస్తూ కూచుంటాను. నువ్వు ఆ వేసవి ఇక్కడే ఉన్నావు. గుంట పక్క బల్ల మీదే కూచున్నావు. బంతి తగిలిందని నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టి పంపు తల్లీ. వెంటనే.

మీ వదిన,
మెర్ల్

*

అల్వర్‌స్టన్, టాస్మేనియా
మే 3

మెర్ల్ వదినకి,

నీ ఉత్తరం అందింది. ఈసారి బంగాళాదుంపలు బాగా దిగాయి, ఎర్ర నేల కదా, పక్కింటాయన రెండు బస్తాలు గేటు దగ్గర పడేసి వెళ్ళాడు. తొక్కు తియ్యలేక చేతులు నొప్పులు. వానలు మొదలయ్యాయి. పోయిన వారం లాన్సెస్టన్ వెళ్ళొచ్చాను, ఊరికే. బస్సులో హీటరు పనిచెయ్యలేదు.

ఆ డెస్లీ సంగతి వదిలెయ్. దాని నోరు ఎప్పుడూ అంతే. పెట్టె ఇంటికి తెచ్చుకో, నీ చిన్న టీవీకి తగిలించుకో, చూసుకో. మా అన్నయ్య పోయాడు. ఆయనకి బోర్డూ అక్కర్లేదు, బంగారు అక్షరాలూ అక్కర్లేదు.

మోకాళ్ళకి ఉన్ని కట్టుకో. చలి.

కోరల్

*

పోర్ట్ పెన్రిన్
మే 14

కోరల్‌కి,

బంగాళాదుంపల గురించి అంత రాసావు. నేనడిగిన దానికి ఒక్క ముక్క లేదు. బంతి తగిలిందా? తగిలితే తగిలిందని రాయడానికి నీకేం పోయింది? ఆయనకి బోర్డు అక్కర్లేదట! నాకు కావాలి. ఆ క్లబ్బులో ముప్ఫై ఏళ్ళు గిన్నెలు తోమాను. ఇప్పుడు నేను లోపలికి వెళితే మాటలు ఆగిపోతున్నాయి. మాంసం కొట్టు దగ్గర డెస్లీ నన్ను చూసి, "క్లెమ్ గారికి సుద్ద బాగా అచ్చొచ్చిందండీ" అంది, సాసేజీలు తూయిస్తూ. ఆ సాసేజీలు దాని నెత్తిన వెయ్యాల్సింది. ఇంటికొచ్చాక సింకు దగ్గర నిలబడి గంటసేపు తిట్టాను, ఎవరికి వినపడిందని?

జులైలో సర్వసభ్య సమావేశం. పేరు తీసెయ్యాలని ఓటు పెడుతున్నారు.

టీవీ కొట్టువాడి మీదకీ వెళ్ళాను. "నీ టీవీ మా ఆయన ముఖాన్ని గళ్ళు చేసింది" అన్నాను. కుర్చీ వేసి కూచోబెట్టాడు. "టీవీ తప్పు కాదు మామ్మా. మీ పెట్టెలో నాలుగు రకాలుగా రికార్డు చెయ్యొచ్చు. ఏది పెట్టారు?" అన్నాడు. ఎక్కువ గంటలు పట్టేదే పెట్టానన్నాను. పెట్టక? పెట్టె నిండిపోయి, ఉన్నవి చెరిగిపోతే ఎలాగని నాకు భయం. "గంటలు ఎక్కువ కావాలంటే బొమ్మలో సగం పారేస్తుంది. చిన్న కదలికలు ముందు పోతాయి, ముఖాలు ముద్దవుతాయి. చిన్న టీవీలో తెలియదు. పెద్దదానిలో దాచలేం" అన్నాడు. "ఇప్పుడు బాగుచెయ్యొచ్చా?" అంటే, "పారేసింది పారేసినట్టే" అన్నాడు. అర్థమైంది. లోపల దుంపలు పెట్టి కాల్చే పాస్టీ ఒక్కదానికి సరిపోయే పిండి తీసుకుని పెద్ద పళ్ళెమంతా పరిస్తే చిల్లులు పడక ఏమవుతుంది? పిసినారితనం నాది, దొంగ పేరు ఆయనది.

కాని విన్నావా, చిన్న కదలికలు పోతాయన్నాడు! అంటే జాక్ కదిలినా ఆ పెట్టె దాన్ని మింగేసి ఉంటుంది. డెస్లీకి చెప్పాను. "అయితే తగిలిందని చూసినవాళ్ళని తీసుకురండి" అంది.

చూసినదానివి నువ్వు. రాయి.

వెర్న్ నిన్న పోస్టాఫీసు దగ్గర ఎదురైతే టోపీ తీసి తల వంచుకుని పోయాడు. ఆ మనిషిని చూస్తే ఒళ్ళు మండిపోతోంది. పోయిన శీతాకాలం దాకా నా కట్టెలు కొట్టిచ్చినవాడే. అతని కోసమని తీసిపెట్టాను, బీరువాలో మీ అన్నయ్య కొత్త తెల్లబూట్లు రెండు జతలు, వేసుకోనే లేదు, ఇద్దరి కాళ్ళూ ఒకటే కొలత. ఇవ్వను ఇంక. చెత్తలోనైనా వేస్తాను.

మెర్ల్

*

అల్వర్‌స్టన్
మే 25

వదినా,

నన్ను సాక్షి అడగకు. రాయను. ఎందుకని అడగకు.

ఆ పెట్టె ఇంకోసారి పెద్ద తెర మీద పెట్టనివ్వకు. వెర్న్ జోలికి పోకు. బూట్లు చెత్తలో వెయ్యకు.

పోయిన ఉత్తరంలో నీ ఒంటి సంగతి ఏమీ రాయలేదు. నేను బాగానే ఉన్నాను. మళ్ళీ లాన్సెస్టన్ వెళ్ళాలి, అంతే.

కోరల్

*

పోర్ట్ పెన్రిన్
జూన్ 12

కోరల్,

పెట్టొద్దన్నావు గనక పెట్టాను.

మంగళవారం క్లబ్బు తుడిచే రోజు, ఎవరూ ఉండరు. తుడిచే మేవిస్‌కి నిమ్మకాయ కేకు ఇచ్చి, "ఆ దిక్కుమాలిన తెర వెయ్యవే" అన్నాను. "ఎందుకు పిన్నీ, ఏడవడానికా?" అంది. "తిట్టడానికి" అన్నాను. వేసింది. చీపురు పట్టుకుని నా పక్కనే కూచుంది.

ముఖాల కోసం వెతకడం మానేశాను. ముఖాలు లేవు, ఒప్పుకున్నాను. తెల్లముద్దలు ఎలా కదులుతున్నాయో చూశాను. బంతి గుంటలో పడింది. ఒక ముద్ద గుంట దగ్గరకి వచ్చింది. కోరల్, ఆ ముద్ద మోకాలు వంచింది. ఒక మోకాలు నేల మీద ఆనించి కూచుంది, గీత గీసింది, చెయ్యి ఊతం లేకుండా లేచింది.

మీ అన్నయ్య మోకాలు పదేళ్ళుగా వంగలేదు! ఆయన సాక్సులు నేను తొడిగాను. బంతి నేల మీంచి తియ్యడానికి కర్రకి కట్టిన పట్టకారు వాడేవాడు. ఆర్చీ వంగితే ఇద్దరు లేపాలి. లాన్స్‌కి ఆ పొట్టతో తన బూట్లే కనిపించవు. ఇంక మిగిలింది ఎవరు?

"మేవిస్, అది వెర్న్ కదూ?" అన్నాను. "వెర్నే పిన్నీ. మొన్నటి దాకా గోడలెక్కి నీళ్ళగొట్టాలు బాగుచేసినవాడు. ఇంకెవరు అలా లేస్తారు?" అంది.

అవతల పక్కవాడే గీశాడు! ఓడిపోతానని తెలిసీ తన చేత్తో గీశాడు. అంటే తగిలినట్టే కదా! ఎవడైనా తగలని బంతికి గీత గీసి తన ఆట తనే పోగొట్టుకుంటాడా? అక్కడే ఎగిరి గంతెయ్యాలి నేను. వెయ్యలేకపోయాను. ఎందుకంటే నీ ఉత్తరం గుర్తొచ్చింది.

గీసింది తనే అయితే వెర్న్ ఆ రోజు లేచి చెప్పొచ్చుగా? ఎందుకు చెప్పలేదు? వెర్న్ జోలికి పోవద్దని నువ్వెందుకు అన్నావు? బూట్లు పారెయ్యొద్దని ఎందుకు అన్నావు, ఆ బూట్ల సంగతి నీకేం తెలుసు? ఇద్దరూ కలిసి నా దగ్గర ఏం దాచారు? మేవిస్ చేత తెర ఆపించి ఇంటికొచ్చి, తలుపు గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి ఇది రాస్తున్నాను. ఈసారి బంగాళాదుంపల గురించి రాసావంటే ఆ ఉత్తరం పొయ్యిలో పెడతాను.

మెర్ల్

*

అల్వర్‌స్టన్
జూన్ 20

వదినా,

అడిగావు. తీసుకో.

తగల్లేదు. నేను గుంట పక్కనే ఉన్నాను. జాక్‌కీ బంతికీ మధ్య వేలు పట్టేంత సందుంది. వెర్న్ చూశాడు. నేను చూశాను. ఆర్చీ ఆవలిస్తున్నాడు. మా అన్నయ్యా లాన్సూ అవతలి చివరనుంచి నడిచొస్తున్నారు, వాళ్ళకేం కనపడలేదు. వెర్న్ నా వైపు ఒకసారి చూసి, మోకాలు వేసి గీశాడు. మా అన్నయ్య వచ్చేసరికి "టచ్చర్, క్లెమ్! ముసలి వెధవా, కొట్టావు!" అని అరిచాడు. మా అన్నయ్య నవ్వు నువ్వు వంటింట్లోంచి వినే ఉంటావు.

ఎందుకంటే అప్పటికే వెర్న్‌కి తెలుసు. నాకూ తెలుసు. ఆ ముందు నవంబరులోనే డాక్టరు, అన్నయ్య ఇంక ఎన్నాళ్ళో బతకడని చెప్పేశాడు. ఆ వేసవి నేను సెలవులకి రాలేదు వదినా, అన్నయ్య రమ్మంటే వచ్చాను. బూట్లు కొనడానికని వెర్న్ కారులో అడిలైడ్ వెళ్ళేవారు చూడు, బూట్లు కాదు, ఆసుపత్రి. ఉత్త చేతులతో వస్తే నువ్వు అడుగుతావని ప్రతిసారీ ఒక జత కొనుక్కొచ్చేవాడు. ఈ ఒక్క వేసవి ఆడనివ్వండి, మెర్ల్‌కి ఈస్టర్ అయ్యాక చెబుతాను అన్నాడు. చెప్పాడు.

నీకు కోపం వస్తుంది. రానీ. నాకూ కోపమే. చెప్పి ఉంటే ఏం చేసేదానివి? ఆయన్ని ఆ పచ్చిక మీద అడుగు పెట్టనిచ్చేదానివా? దుప్పటి కప్పి మంచం మీద పడుకోబెట్టి, గడియకోసారి ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదానివి. మబ్బు పడితే వరదొస్తుందనే మనిషివి నువ్వు. మా అన్నయ్యకి ఒక వేసవి కావాలనిపించింది. నీ కంగారు లేని వేసవి. ఇదీ నేను దాచింది.

ఇప్పుడు వెర్న్ నోరు విప్పితే మీ ఆయన గెలవలేదని చెప్పాలి. విప్పకపోతే మీ ఆయన దొంగ. అందుకే గ్లాసు పెట్టేసి వెళ్ళిపోయాడు. నువ్వు అతన్ని తిట్టుకుంటూ కూచో.

కోరల్

*

పోర్ట్ పెన్రిన్
జులై 16

కోరల్,

నీకు ఇన్నాళ్ళు రాయకపోవడానికి కారణం, రాస్తే కాగితం కాలిపోతుందని.

ఎంత ధైర్యం మీకు! మీ ముగ్గురికీ! నా మొగుడు నా ఎదురుగా కూచుని గుడ్డు తింటూ చస్తున్నాడు, ఆ సంగతి గొట్టాలు బాగుచేసేవాడికి తెలుసు, సముద్రం అవతలున్న నీకు తెలుసు, నాకు తెలియదు. ఆ వేసవంతా నేనేం చేశానో తెలుసా? బూట్ల గురించి తిట్టాను. "ఇంట్లో ఉన్నవి అరిగాయా? కాళ్ళు నాలుగున్నాయా మీకు?" అన్నాను. రెండో జత తెచ్చిన రోజు అన్నం దగ్గర మాట్లాడలేదు కూడా. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నాకు ఇప్పుడు అర్థమైతే ఏం లాభం? నేను కంగారు మనిషినే. కంగారుపడటం నా పని, అది నా మొగుడి గురించి పడాల్సిన కంగారు, నాకు రావాల్సింది. మీరెవరు దాన్ని నా చేతిలోంచి లాక్కోవడానికి? నా బతుకుని కూడా ఆ పెట్టెలాగే చేశారు. కంటికి బాగుంటే చాలని సగం పారేసి, చిన్న టీవీలో చూపించారు.

సమావేశం శనివారం జరిగింది. అదీ విను.

డెస్లీ కాగితం చదివింది. నేను లేచాను. కుర్చీ పట్టుకున్నాను. "అందరూ ఆ చివరి బంతి ఇంకోసారి వేసి చూడండి. ముఖం చూడకండి, మోకాలు చూడండి. మా ఆయన మోకాలు వంగేది కాదని ఈ గదిలో తెలియనివాళ్ళు లేరు" అన్నాను. వేశారు. తెల్లముద్ద మోకాలు వేసింది, లేచింది. వెనకనుంచి మేవిస్ "అది మన వెర్న్ కదండీ!" అంది.

అందరూ వెర్న్ వైపు తిరిగారు. లేచి నిలబడ్డాడు. "సుద్ద నాదే" అన్నాడు.

"అయితే తగిలిందా, తగల్లేదా?" అంది డెస్లీ.

"గీశానుగా."

"నేనడిగేది తగిలిందా అని!"

"డెస్లీ, గీసిన గీతని ఆట అయ్యాక అడగకూడదు. నీకు సెక్రటరీ పదవి ఇచ్చిన రోజు ఆ రూల్సు పుస్తకం కూడా ఇచ్చారు."

అప్పుడు లాన్స్ పెద్దగా నవ్వాడు. "ఊరుకోవే! నా జోడీయే నన్ను ఓడించుకుంటాడా? కూచో ఇంక" అన్నాడు పెళ్ళాంతో. ఓటు కూడా పెట్టలేదు. పేరు ఉంది. టీ ఇచ్చారు. డెస్లీ నాకు పాలు పోసింది, సగం సాసర్‌లోకి ఒలకబోస్తూ. నాకు జాలెయ్యలేదు. అది అన్నది నిజం, కోరల్! ఆ గదిలో నిజం చెప్పింది అదొక్కతే. అది తెలిసీ నేను టీ తాగాను. చూడు, నన్నూ మీ గుంపులో కలిపారు. ఆ కోపం వేరే.

బయట కారు దగ్గర వెర్న్‌ని పట్టుకున్నాను. "తగిలిందా?" అన్నాను.

"నా కళ్ళకి తగిలినట్టే ఉంది చెల్లెమ్మా."

"అబద్ధం."

"అబద్ధమే" అన్నాడు.

"ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదు. అటునుంచి నడిచొస్తున్నాడు, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, ఏమైందా అని చూసుకుంటూ. నా జేబులో సుద్ద ఉంది." అంతే అన్నాడు. తర్వాత, "నన్ను కొట్టాలనుంటే కొట్టు, ఎవరూ చూడటం లేదు" అన్నాడు.

కొట్టాను. నా చేతిసంచీతో, భుజం మీద. అందులో కేకు డబ్బా ఉంది. "అబ్బా" అన్నాడు. మర్నాడు బూట్లు రెండు జతలూ అతని గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టకుండా వచ్చేశాను. మాట్లాడటం ఇంకా మొదలుపెట్టలేదు. కోపం తగ్గాక చూద్దాం.

ఇప్పుడు నీ సంగతి. నీ ఉత్తరాలన్నీ మళ్ళీ తీసి చదివాను. లాన్సెస్టన్ వెళ్ళొచ్చావట, ఊరికే. మళ్ళీ వెళ్ళాలట, అంతే. నువ్వు దుకాణాలు చూడటానికి కూడా వీధి దాటని మనిషివి. హీటరు లేని బస్సులో చలికాలం అంత దూరం ఊరికే వెళ్ళావా? అక్కడ ఆసుపత్రి ఉందని నాకు తెలియదనుకున్నావా? నువ్వు కూడా బూట్లు కొంటున్నావా కోరల్?

నాకు చిన్న బొమ్మ పంపకు. మచ్చా ముడతా అన్నీ కనపడేట్టు రాయి. ఈసారి కంగారు నాది. ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు.

మెర్ల్

*

అల్వర్‌స్టన్
జులై 27

వదినా,

ఎడమ రొమ్ములో గడ్డ. మార్చిలో స్నానం చేస్తుంటే తగిలింది. సూది పెట్టి చూశారు, మంచిది కాదన్నారు. ఆగస్టు ఇరవైన కోస్తారు. ఎంతవరకు పాకిందో కోశాక గాని చెప్పలేమన్నారు, కాబట్టి నాకూ తెలియదు. దాచింది ఏమీ లేదు ఇంక. పగలు బాగానే ఉంటాను. సాయంత్రం అయ్యేసరికి భయం వేస్తుంది. ఇది ఎవరికీ చెప్పలేదు.

చెబితే నువ్వు ఓడెక్కి వచ్చేస్తావని చెప్పలేదు. అంత దూరం నీళ్ళ మీద ఒక్కదానివీ వస్తుంటే, మునిగిపోతుందేమోనని నువ్వు పడే కంగారు తలచుకుని చెప్పలేదు. అయినా అన్నయ్య సంగతి నీకు చెప్పకపోవడం తప్పని నేననను. అది ఒప్పని నువ్వూ ఒప్పుకోకు. వచ్చి ఎదురుగా కూచుని తిట్టు, ఉత్తరాల్లో తిడితే నాకు సగమే వినపడుతోంది.

ఉన్ని బట్టలు తెచ్చుకో. పాస్టీలు నువ్వే చెయ్యాలి, దుంపలు రెండు బస్తాలూ అలాగే ఉన్నాయి. ఆ పెట్టె కూడా తువ్వాలులో చుట్టి తీసుకురా. నా టీవీ చాలా చిన్నది వదినా. అందులో అన్నయ్య బాగానే కనిపిస్తాడు.

కోరల్